పరధ్యానం ఎటు పోతుంది? - మర్రిగూడ నేపథ్యంలో ‘పగటికల’, ‘రైలుబడి’

బడిపిల్లల విషయంలో ‘పరధ్యానం’ అనే మాటను ధ్యానం లేకపోవడమన్న అర్థంలో వాడుతున్నాం. మాట నిర్మాణం వేరొకటి చెబుతోంది: ధ్యానం ఉంది, అది మరొకదానిపై ఉంది. పిల్లవాడు ఎందుకు వినలేదని అడిగే ముందు, వాడి మనసు ఎటు పోయిందని అడగాలి. విద్యారంగంలో ఆదరణ పొందిన రెండు అనువాద గ్రంథాలను, నల్లగొండ జిల్లా మర్రిగూడ మండల నేపథ్యంలో, ఈ ప్రశ్నతో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

గిజుభాయి గుజరాతీ రచన ‘దివాస్వప్న’ పేరుకే పగటికల. అందులోని ఉపాధ్యాయుడు నాలుగో తరగతిలో తొలిరోజు నిశ్శబ్దపు ఆట ఆడించబోయి విఫలమవుతాడు. మరునాడు కథ మొదలుపెడితే అదే పిల్లలు కదలకుండా కూర్చుంటారు. చెదిరిన మనసు పిల్లల లోపం కాదనీ, బోధనకు అందిన తీర్పనీ గిజుభాయి వాదం. తెత్సుకో కురోయానగి ‘రైలుబడి’ (మూలం 1981) ఇంకొంత ముందుకు వెళ్తుంది. బల్ల మూత పదేపదే తెరిచి మూసినందుకు, కిటికీ దగ్గర నిలబడి వీధి వాద్యగాళ్లను పిలిచినందుకు తొత్తోచాన్ మొదటి బడి నుంచి బహిష్కృతురాలవుతుంది. కొబయాషి మాస్టారు ఆమె మాటలను నాలుగు గంటలు వింటాడు. ఆమె మనసు ఎటు పోతున్నదో అడిగి తెలుసుకున్న తొలి ఉపాధ్యాయుడు ఆయనే.

ఈ రెండు గ్రంథాల ప్రభావంతో పరధ్యానాన్ని సృజనకు గుర్తుగా కీర్తించే ధోరణి ఒకటి ఏర్పడింది. అది సగం నిజం. కళ్లు పంక్తుల వెంట సాగుతున్నా మనసు వేరే చోట ఉంటే చదివినది అర్థం కాదని మనోవిజ్ఞాన ప్రయోగాలు పదేపదే చూపాయి. ఇంట్లో ఆ పాఠం మళ్లీ చెప్పేవారు లేని పిల్లవాడికి ఈ నష్టం పూడదు. ఎరిక్ క్లింగర్ పరిశోధనల ప్రకారం చెదిరిన మనసు ఎక్కువగా తీరని చింతల వైపే మళ్లుతుంది. కిటికీ బయట వాద్యగాళ్లు ఉంటే అటు వెళ్తుంది. మోకాలు నొస్తుంటే మోకాలి దగ్గరే ఆగుతుంది.

మర్రిగూడ ప్రస్తావన ఇక్కడే అవసరమవుతుంది. ఈ మండలం తరాల తరబడి ఫ్లోరైడ్ నీరు తాగింది. నల్లగొండ ప్రాంతపు ఫ్లోరోసిస్ బాధితుల్లో మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1973లోనే ‘లాన్సెట్’లో నమోదు చేశారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన ఫ్లోరైడ్‌కూ, పిల్లల ప్రజ్ఞాలబ్ధి తగ్గుదలకూ సంబంధం ఉందని అమెరికా జాతీయ విషపరిశీలన కార్యక్రమం 2024లో మధ్యస్థ విశ్వాసంతో తేల్చింది. ఆ నివేదిక ప్రజ్ఞాలబ్ధికి సంబంధించినది. దాన్ని పరధ్యానానికి నిరూపణగా చూపడం తొందరపాటు. అయితే బెంచీ మీద నొప్పితో కూర్చున్న పిల్లవాడిని ‘శ్రద్ధ లేదు’ అనడానికి ముందు వాడు తాగిన నీటి గురించి అడగాలనడానికి ఏ నివేదికా అక్కర్లేదు. కృష్ణా జలాలు నల్లాల్లోకి వచ్చినంత మాత్రాన వంగిన ఎముక తిన్నగా కాదు.

గిజుభాయి తరగతిలో పిల్లల పరిశుభ్రత ఉంది, ఆటలు ఉన్నాయి. నొప్పిపడే శరీరం మాత్రం కథను నడిపించదు. కథ బాగుంటే చాలు, మనసు తిరిగి వస్తుందన్న ఆయన విశ్వాసం ఆరోగ్యవంతుడైన బాలుణ్ణి ముందే ఊహించుకున్నది. ‘రైలుబడి’ ఈ విషయంలో మరింత మెలకువగా ఉంది. కాళ్లూ చేతులూ పెరగని తకహాషి గెలిచేలా కొబయాషి ఆటల పోటీలనే రూపొందిస్తాడు. మర్రిగూడ ఉపాధ్యాయుడికి, నా దృష్టిలో, కిటికీ అధ్యాయం కన్నా ఇదే దగ్గరిది. కానీ తొమోయెలో ఉన్నది యాభైమంది పిల్లలు. ఒక్కొక్క శరీరాన్నీ ఎరిగి మాస్టారు ఆట మార్చగలిగాడు. ఊరు తాగే నీరు ఏ ప్రధానోపాధ్యాయుడి చేతిలోనూ లేదు. ఆ మేరకు ‘రైలుబడి’ కూడా ఇక్కడ చాలదు.