పాటకు తండ్రులేనా?

జాజ్ పుట్టుక గురించి ఏది చదివినా ముందు ఒక తండ్రి ఎదురవుతాడు. కొందరు బడ్డీ బోల్డెన్ అంటారు. జెల్లీ రోల్ మోర్టన్ అయితే 1902లో జాజ్‌ను సృష్టించింది తానేనని 1938లో ఒక పత్రికకు రాసుకున్నాడు. అదే ఏడు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కోసం అలన్ లోమాక్స్ రికార్డు చేస్తుంటే, పియానో ముందు కూర్చుని ఇంకో సంగతీ చెప్పాడు. తాను మొదట విన్న బ్లూస్ న్యూ ఆర్లీన్స్‌లో మేమీ డెస్‌డూమ్ అనే స్త్రీ పాడినదట. ఆమె కుడిచేతికి రెండు వేళ్లు లేవు. మిగిలిన వేళ్లతోనే వాయించేదట. 1917లో తొలి జాజ్ రికార్డు, అదీ తెల్లవాళ్ల బ్యాండుది, వచ్చేనాటికే ఆమె చనిపోయింది.

పత్తి చేలలో బానిసల పనిపాటలు, చర్చి పాటలు, కాంగో స్క్వేర్‌లో ఆదివారాల డోళ్లు, రాగ్‌టైమ్, బ్రాస్ బ్యాండ్లు - ఇవన్నీ జాజ్‌కు పూర్వీకులే. ఈ వరుసలో మగవాళ్లకు పేర్లుంటాయి. ఆడవాళ్లు ‘జానపదం’లో కలిసిపోతారు. ఏంజెలా డేవిస్ 1998లో తెచ్చిన ‘బ్లూస్ లెగసీస్ అండ్ బ్లాక్ ఫెమినిజం’ ఈ అన్యాయాన్ని చాలావరకు సరిదిద్దింది. మా రెయినీ, బెస్సీ స్మిత్ రికార్డుల్లోని పాటలను ఆమె ఓపిగ్గా విని రాసిపెట్టింది. కానీ ఆ పద్ధతికి రికార్డు కావాలి. మరి రికార్డు దాకా చేరని మేమీలను ఎక్కడ వెతకాలి?

ఈ ప్రశ్న నన్ను స్టేషన్ ఘన్‌పూర్ పొలాలకు తీసుకొచ్చింది. ఇక్కడా నాట్లేస్తూ ఒకామె పాట ఎత్తుకుంటుంది, మిగతావాళ్లు అందుకుంటారు. ఈ పాటకూ జాజ్‌కూ చుట్టరికం ఉందనడం లేదు. వాటి చరిత్ర రాసే మన తీరు మాత్రం ఒక్కటే. తెలంగాణ సాయుధ పోరాట పాట అనగానే సుద్దాల హనుమంతు, బండి యాదగిరి పేర్లు చెప్పుకుంటాం. చెప్పుకోవాలి కూడా. ఆ పాటల వెనకున్న బాణీలు ఏ గొంతుల్లో పెరిగాయో మాత్రం అడగం.

నేనూ అడగలేదు. నా సిద్ధాంతగ్రంథం అనుబంధంలో ఒక పాట కింద ‘వ్యవసాయ కూలీ, స్త్రీ, 60 ఏళ్లు’ అని రాశాను. అప్పుడది శాస్త్రీయత అనుకున్నాను. గట్టు మీద కూర్చుని ఆమె అడిగిన మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

“పాటయితే రాసుకున్నవ్ బిడ్డా, నా పేరు రాసుకున్నవా?”

గ్రంథం పుస్తకంగా అచ్చుకు వెళ్లేలోగా ఘన్‌పూర్ మళ్లీ వెళ్లాలి. పేరు ఎట్లా రాయమంటావని ఆమెనే అడగాలి.