దోసిట్లో పోసే శిక్షణ

టీచర్లకు టెక్నాలజీ నేర్పడం గురించి రాసేవాళ్లలో చాలామంది టీచర్ని ఒక అడ్డంకిగా చూస్తారు. బోర్డు వచ్చింది, ట్యాబు వచ్చింది, టీచరే రాలేదు అన్నట్టు మాట్లాడతారు. శిక్షణ పత్రాల నిండా ‘మెంటర్’ అనే మాట వుంటుంది. ఆ మెంటర్ ఎవరు, ఏ వాడ నుంచి వచ్చారు, టీచరు పక్కన ఎన్ని రోజులు నిలబడతారు అనేది మాత్రం వుండదు. మేము అడగదలచుకున్నది అదే.

శంషాబాద్‌నే తీసుకుందాం. 2008 మార్చిలో ఇక్కడ విమానాశ్రయం మొదలైంది. సుమారు 5,500 ఎకరాలు దాని కిందికి పోయినయి. లోపల ఊడ్చేవాళ్ల పిల్లలు, సామాన్లు మోసేవాళ్ల పిల్లలు, చుట్టూ లేస్తున్న వెంచర్లలో ఇటుకలెత్తేవాళ్ల పిల్లలు సర్కారు బడికి వస్తారు. కాస్త డబ్బాడే కులాలవాళ్లు ఎప్పుడో ప్రైవేటు బస్సెక్కారు. అంటే సర్కారు బడిలో తెర మీద పాఠం ఎట్లా నడుస్తుందనేది ఇవాళ ప్రధానంగా దళిత, బహుజన పిల్లల సమస్య. దాన్ని యంత్రాల సమస్యగా చెప్పడంలోనే మోసం వుంది.

ఈ కథ ఎయిర్‌పోర్టుతో పుట్టింది కాదు. రంగారెడ్డి జిల్లా 1978లో గాని ఏర్పడలేదు, అంతకుముందు ఇదంతా హైదరాబాదు జిల్లా పల్లెపట్టు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా నాసా వాళ్ల ఎ.టి.ఎస్-6 ఉపగ్రహంతో ‘సైట్’ అనే ప్రయోగం జరిగింది. ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లు. మన రాష్ట్రంలో హైదరాబాదు, మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల ఊళ్లను ఎంచుకున్నారు. టీవీ సెట్టును దొర ఇంట్లో కాకుండా బడి వంటి పబ్లిక్ జాగాలో పెట్టారు. పొద్దున పిల్లలకు, సాయంత్రం పెద్దలకు కార్యక్రమాలు. (అది ఎమర్జెన్సీ కాలమని, సాయంత్రం తెర మీద సర్కారు గొంతే వినబడిందని మరచిపోవద్దు. సైట్‌ను పొగడటం మా పని కాదు.)

అయితే అందులో ఒక భాగాన్ని మాత్రం ఇవాళ్టి శిక్షణల పక్కన పెట్టి చూడాలె. సెలవుల్లో, ఒక్కో విడత పన్నెండు రోజుల చొప్పున, రెండు విడతల్లో దాదాపు 48 వేలమంది ప్రాథమిక టీచర్లకు సైన్సు బోధనలో శిక్షణ ఇచ్చారు. టీవీలో పాఠం చూడటంతో అది అయిపోలేదు. రేడియో వుంది, అచ్చు కాగితాలు వున్నయి, చూసినదాన్ని చేత్తో చేసి చూసే ప్రయోగాలు వున్నయి, వాటిని దగ్గరుండి నడిపించడానికి ఒక మనిషి వున్నాడు. ఉపగ్రహం ఎంత పైన వున్నా నేర్చుకోవడం మాత్రం గదిలో, పక్కనున్న మనిషితో జరగాలన్న ఎరుక ఆ ఏర్పాటులో వుంది. ప్రయోగం ముగిసింది, ఆ ఎరుకా దానితోనే పోయింది.

తర్వాత ఏం జరిగింది? 2008లో ఉమ్మడి రాష్ట్రంలో 5,000 హైస్కూళ్ల కంప్యూటర్ చదువును ఐదేళ్ల కాంట్రాక్టు మీద కంపెనీలకు అప్పగించారు. కంప్యూటర్ తెలిసిన మనిషి బడిలోకి వచ్చాడు గాని, చాలీచాలని జీతంతో బయటివాడిగానే వచ్చాడు, గడువు తీరగానే పోయాడు. అతను తన విద్యను పక్క క్లాసు టీచరుకు ఇచ్చి పోయే ఏర్పాటు ఎవరు చేశారు?

2017లో దీక్షా వేదిక, 2019లో నిష్ఠా శిక్షణ వచ్చినయి. నిష్ఠా లక్ష్యం 42 లక్షలమంది టీచర్లు. పద్ధతి ఏమిటంటే పైన కొందరు జాతీయ రిసోర్సు పర్సన్లు, వాళ్ల నుంచి రాష్ట్రాల్లో కీలక రిసోర్సు పర్సన్లు, వాళ్ల నుంచి టీచర్లు. 2020లో కరోనా వచ్చాక ఈ నిచ్చెన కూడా తీసేసి కోర్సును ఫోన్లోకి దించారు. వీడియో చూడు, ప్రశ్నకు టిక్కు పెట్టు, సర్టిఫికెట్ దించుకో. బొమ్మను చూసి నేర్చుకొమ్మనడం మనకు కొత్తేం కాదు, ఏకలవ్యుడి కథంతా అదే గదా!

మాకు ఈ పద్ధతి ఎక్కడో చూసినట్టే అనిపిస్తుంది. ఊరి బావి దగ్గర మా పెద్దలను గిరక ముట్టనిచ్చేవాళ్లు కాదు. పైనున్నవాడు తోడి, ఎత్తు నుంచి దోసిట్లో పోసేవాడు. దాహం తీరేది, బావి మాత్రం మనది అయ్యేది కాదు. 1927లో మహద్‌లో అంబేద్కర్ వెంట వేలమంది చెరువులో దిగింది తమ చేత్తో ముంచుకోవడానికి. నేటి శిక్షణలో టీచరు దోసిలి పట్టి నిలబడతాడు. బాటిల్ నీళ్లు పోసినా, మినరల్ వాటర్ పోసినా దోసిలి దోసిలే. ఆ టీచరు దళితురాలైతే ఆమె నిలబడే వరుస ఇంకా కింద.

దీనికి జవాబుగా “రిజర్వేషన్లలో మీవాళ్లు చాలామంది టీచర్లయ్యారు గదా” అంటారు. అయ్యారు. తెర ముందు కూర్చున్నవాళ్లలో వాళ్లున్నారు. తెర మీద కనబడేవాళ్లలో, మాడ్యూలు రాసేవాళ్లలో, రిసోర్సు పర్సన్ల జాబితాలో ఎంతమంది? 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా పాఠాలు చెప్పినపుడు వాటి వెనక ఏ వాడల టీచర్లు వున్నారు? ఈ లెక్క అడిగితే కులం తెస్తున్నారంటారు. మరి జాబితా తయారయ్యేటపుడు కులం ఎటు పోయింది?

అదే కాలంలో ఇంకొకటి కూడా జరిగింది, ఏ నివేదికా దాన్ని మెంటరింగ్ అనదు. ఇంట్లో వున్న ఒక్క ఫోను కూలికి పోయే నాయినతో పోతే ఆ పిల్లకు పాఠం ఎట్లా చేరాలె? వాట్సాప్ గ్రూపు కట్టడం, వర్కుషీటు ఫొటో తీసి పంపడం, వాడకు పోయి నలుగురు పిల్లలను ఒక ఫోను చుట్టూ కూర్చోబెట్టడం టీచర్లు ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నారు. నలభై దాటిన తెలుగు పండితురాలికి పక్క బడి కుర్ర టీచరు ఫోను చూపెడితే, ఏ ఇంటికి ఏ వేళకు పోవాలో ఆమె అతనికి చెప్పింది. సావిత్రిబాయి ఫూలే కూడా ముందు ఇంట్లో జ్యోతిరావు పక్కన కూర్చుని అక్షరం నేర్చింది, తర్వాత టీచరు శిక్షణ తీసుకుంది. మనకు గురువు అంటే పక్కన కూర్చునే మనిషి.

ఇప్పుడు హైస్కూళ్లలో ఇంటరాక్టివ్ ప్యానెళ్లు గోడకెక్కినయి. చెడిపోతే ఎవరు జవాబుదారీ అనే భయంతో తాళం పడే గదులు వున్నయి. పిల్లల చేయి పడితే గీత పడుతుందని అదిలించే పెద్దలు వున్నారు. ముట్టొద్దు అనే మాట ఎవరి చెవికి ఎట్లా వినబడుతుందో చెప్పాల్నా? ఇటు 2025 ఆగస్టు నుంచి ముఖాన్ని గుర్తించే యాప్‌తో తెలంగాణ సర్కారు టీచర్ల హాజరు తీసుకుంటున్నారు. ప్యానెల్ నేర్చుకోకపోయినా గడుస్తుంది గాని, ఈ యాప్ రాకపోతే గడవదు. తనను కనిపెట్టే యంత్రాన్ని టీచరు ముందు నేర్చుకోవాలె, తాను పాఠం చెప్పే యంత్రాన్ని తీరిక దొరికితే నేర్చుకోవాలె.

కాబట్టి టీచర్ల సంఘాలు, ముఖ్యంగా దళిత టీచర్ల సంఘాలు, మరిన్ని ప్యానెళ్లు అడిగే ముందు ఇవి అడగాలి. శిక్షణ మండలం హాల్లో ఒక్కరోజు కాకుండా బడిలోనే, పీరియడ్ టైంలోనే, ఏడాది పొడుగునా జరగాలె. నేర్పేది పక్క బడి టీచరై వుండాలె, ఆ టీచరుకు ఆ పనికి పీరియడ్లు తగ్గించాలె. రిసోర్సు పర్సన్ల జాబితా కులంవారీగా, ఆడ మగ వారీగా బయట పెట్టాలె. ప్యానెల్ పాడైతే టీచరు జీతం మీద పడదని కాగితం మీద రాసి ఇయ్యాలె. తాళంచెవి ఆ క్లాసు చెప్పే టీచరు దగ్గరే వుండాలె, హెడ్మాస్టరు బీరువాలో కాదు.