పరీక్ష మడిలో తేలే గుణం

ఒకే పువ్వులో ముప్పై నలభై రకాలను తీసుకుని, ఒకే నేలలో, ఒకే రోజున, ఒకే ఎడంలో పక్కపక్కన నాటి, పూత మొదలైన నాటి నుంచి మొక్క వాడిపోయే దాకా గమనించి, వాటిలో ఏది మేలో తేల్చే పద్ధతికి తోటపని లోకంలో ట్రయల్ అని పేరు. వినడానికి ఇందులో పెద్ద విద్య ఉన్నట్టు అనిపించదు. కానీ విత్తనాల కేటలాగు చేయలేని పని ఇదే. కేటలాగులో ప్రతి రకమూ విరగబూసే ఉంటుంది. ఫొటో తీసిన రోజున ఆ మొక్క నిజంగానే అలా ఉండి ఉండవచ్చు. వాన పడిన మర్నాడు ఎలా ఉందో, రెండో నెలలో ఆకుకు తెగులు తగిలిందో లేదో, పక్కన పాత రకం ఉంటే దాని ముందు తేలిపోయేదో కాదో ఫొటో చెప్పదు.

ఈ పద్ధతికి సుదీర్ఘమైన, తెగని చరిత్ర ఉన్న చోటు ఇంగ్లండు. 1804లో లండన్‌లో హార్టికల్చరల్ సొసైటీ ఏర్పడింది. వృక్షశాస్త్రవేత్త సర్ జోసెఫ్ బ్యాంక్స్, కుండల తయారీకి పేరుపడ్డ కుటుంబానికి చెందిన జాన్ వెడ్జ్‌వుడ్ దాని స్థాపకుల్లో ముఖ్యులు. 1861లో రాజపత్రం పొంది అది రాయల్ హార్టికల్చరల్ సొసైటీ (ఆర్‌హెచ్‌ఎస్) అయింది. అంతకు నలభై ఏళ్ల ముందే, అంటే 1820ల మొదట్లోనే, లండన్ పడమటి అంచున చిజిక్‌లో కౌలుకు తీసుకున్న భూమిలో సొసైటీ తోట వేసింది. అక్కడ మొదట ఎదురైన చిక్కు మంచి రకం ఏదన్నది కాదు. ఏ రకానికి ఏది అసలు పేరో తెలియకపోవడమే చిక్కు. ఒకే ఆపిల్ ఒక్కో జిల్లాలో ఒక్కో పేరుతో అమ్ముడుపోయేది. ఒకే పేరుతో మూడు వేర్వేరు పండ్లు చలామణి అయ్యేవి. పండ్ల తోట బాధ్యత చూసిన రాబర్ట్ థాంప్సన్ వెయ్యికి పైగా ఆపిల్ పేర్లను సేకరించి, చెట్లను పక్కపక్కన పెంచి, కాయ కోసి చూసి, ఏవేవి ఒకటేనో విడదీస్తూ జాబితాలు తయారు చేశాడు. ఇంగ్లండులో విలియమ్స్‌గా పేరున్న బేరిపండు అమెరికా చేరి, అక్కడి తోట యజమాని పేరు మీద బార్ట్‌లెట్ అయిపోయింది. రెండూ ఒకటేనని తేలేసరికి కొత్త పేరు అమెరికాలో వేళ్లూనుకుంది. ఇప్పటికీ అక్కడ అదే వాడుక. మన మామిడి తోటల్లో ఊరికో పేరు మోసే చెట్లను చూసినవారికి ఈ గందరగోళం కొత్తగా అనిపించదు.

పేర్ల చిక్కు కొంత విడిపోయాక విలువ కట్టే పని మొదలైంది. 1859 నుంచి ఫస్ట్ క్లాస్ సర్టిఫికెట్, 1888 నుంచి అవార్డ్ ఆఫ్ మెరిట్ ఇస్తూ వచ్చారు. వీటిలో చాలా భాగం ప్రదర్శన బల్ల మీద పెట్టిన పువ్వును చూసి ఇచ్చినవే. ఆ పద్ధతిలోని లోపం తోటమాలులకు త్వరగానే తెలిసొచ్చింది. బల్ల మీది పువ్వుది పెళ్లిచూపుల అందం. కాపురం చేయాల్సింది మడిలో. గాజు ఇంట్లో పెంచి, గాలి సోకకుండా కాపాడి, వంద మొగ్గల్లో ఒకటి ఏరి తెచ్చిన పువ్వుకు పతకం వస్తుంది. అదే మొక్కను కొనుక్కెళ్లినవాడి పెరట్లో అది మొహం వేలాడేస్తుంది. అందుకే 1922లో అవార్డ్ ఆఫ్ గార్డెన్ మెరిట్ అనే వేరే పురస్కారం పెట్టారు. ఇది ప్రదర్శన గుణానికి కాక, మామూలు తోటలో మామూలు మనిషి చేతిలో రాణించే గుణానికి. అప్పటికి సొసైటీ చిజిక్ వదిలి సర్రీలోని విజ్లీకి చేరింది. జార్జ్ ఫెర్గూసన్ విల్సన్ ప్రయోగాల కోసం పెంచిన ఆ తోటను అతని మరణానంతరం సర్ థామస్ హాన్‌బరీ కొని 1903లో సొసైటీకి దానంగా ఇచ్చాడు. లండన్ పొగ చేరని చోటు కావడం పరీక్షలకు కలిసొచ్చింది.

విజ్లీ ట్రయల్ నడిచే తీరు ఇలా ఉంటుంది. ముందుగా ఒక పంటనో పువ్వునో ఎంచుతారు: ఒక ఏడాది స్వీట్‌పీ, మరో ఏడాది లీక్ ఉల్లి, ఇంకోసారి డాలియా. నర్సరీలు, విత్తన సంస్థలు, కొత్త రకాలు పుట్టించేవారు తమవి పంపుతారు. వచ్చిన ప్రతి దానికీ ఒక సంఖ్య, ఒక మడి. వాటి మధ్యలో ఇదివరకే పురస్కారం పొంది పేరు నిలబెట్టుకున్న రకాలను కూడా నాటుతారు. మన పరిశోధన కేంద్రాల్లో చెక్ రకం అనేది ఇదే. పరీక్ష మొత్తానికి ఆయువుపట్టు ఈ చెక్. కొత్తది బాగుందా అని అడిగితే దాదాపు ఎప్పుడూ బాగుందనే జవాబు వస్తుంది. ఉన్నదానికన్నా బాగుందా అని అడిగినప్పుడే సగం రకాలు వెనక్కి తగ్గుతాయి.

తీర్పు చెప్పేది ఒక్కరు కాదు. నర్సరీవారు, విత్తన వ్యాపారులు, ఆ పువ్వు మీదే జీవితకాలం వెచ్చించిన అభిరుచిపరులు, తోట ఉద్యోగులు కలిసిన బృందం సీజన్‌లో పలుమార్లు మళ్ల వెంట నడుస్తుంది. ఒక్కో మడి దగ్గర ఆగి, వాదించుకుని, ఓటు వేస్తుంది. ఒకేసారి చూసి తేల్చేయకపోవడంలోనే ఉంది కిటుకు. జూలైలో కళ్లు చెదరగొట్టిన రకం ఆగస్టుకు అడుగాకులు రాల్చుకుని కాడలు బయటపెట్టవచ్చు. ఆలస్యంగా ఏపుకొచ్చినది సెప్టెంబరు చివరి దాకా పూస్తూనే ఉండవచ్చు. ఏడాది మొక్కలకైతే సాధారణంగా ఒక్క సీజన్ చాలు. ఏటా చిగిర్చే దుంపజాతి, గుబురుజాతి మొక్కలకు రెండు మూడేళ్లు పడుతుంది. మొదటి ఏడు అవి వేరూనడంతోనే సరిపెడతాయి. వాటి అసలు గుణం మూడో ఏట గానీ బయటపడదు. ఈ ఓపిక వ్యాపారానికి నచ్చదు. మూడేళ్లలో మార్కెట్‌లో ఫ్యాషనే మారిపోతుంది.

పురస్కారానికి చూసే గుణాలు పైకి సాదాగానే ఉంటాయి. తగిన పరిస్థితుల్లో తోటలో మామూలు వాడుకకు అది చక్కగా ఉండాలి. కొనుక్కుందామంటే దొరకాలి. మొక్క కట్టుదిట్టంగా ఉండాలి. ఆకారం, రంగు తరానికి తరానికి మారిపోకూడదు. చీడపీడలను ఓ మోస్తరుగానైనా తట్టుకోవాలి. వీటిలో దొరకాలి అన్న షరతు చూడ్డానికి చిన్నది గానీ చాలా తెలివైనది. ఎక్కడా దొరకని అద్భుతాన్ని మెచ్చుకోవడం వల్ల తోటమాలికి ఒరిగేదేమీ లేదు.

రంగును నమోదు చేసే పద్ధతి విడిగా చెప్పుకోదగ్గది. ముదురు గులాబీ, లేత ఊదా అని రాసుకుంటే ఇద్దరికి రెండు రంగులు తోస్తాయి. అందుకని 1930ల చివర్లో ఒక రంగుల పట్టికను, 1966లో దాన్ని సంస్కరించిన ఆర్‌హెచ్‌ఎస్ కలర్ చార్ట్‌ను తెచ్చారు. ఈ చార్ట్ విసనకర్రలా విప్పుకునే అట్టల కట్టల రూపంలో ఉంటుంది. ప్రతి రంగు గడి నడుమ చిన్న రంధ్రం ఉంటుంది. రేకును గడి వెనక పెట్టి ఆ రంధ్రంలోంచి చూస్తే, రేకు రంగు చుట్టూ ఉన్న రంగులో కలిసిపోతుందో, వేరుగా మచ్చలా కనిపిస్తుందో అక్కడికక్కడే తేలిపోతుంది. ఎండలో కాకుండా, ఉత్తరం వైపు కిటికీ నుంచి వచ్చే నిలకడైన వెలుగులో చూడాలి. అప్పుడే విచ్చిన పువ్వుకూ రెండు రోజుల పువ్వుకూ గడి మారుతుంది కాబట్టి ఏ వయసు పువ్వన్నదీ రాసుకోవాలి. ఇంత కష్టపడి రాసిన అంకె ప్రపంచంలో ఏ మూలనైనా ఒకే రంగును సూచిస్తుంది. కొత్త రకాల హక్కుల నమోదులో నేటికీ దేశదేశాల్లో ఇదే చార్ట్ చేతికి తీసుకుంటారు.

అమెరికాలో ఇదే ఆలోచన మరో రూపం తీసుకుంది. అట్లాంటాకు చెందిన విత్తన వ్యాపారి డబ్ల్యు. రే హేస్టింగ్స్ చొరవతో 1932లో ఆల్ అమెరికా సెలెక్షన్స్ మొదలైంది. మరుసటి ఏడాది తొలి విజేతలను ప్రకటించారు. ఇక్కడ ఒక్క తోట కాదు. దేశమంతటా విస్తరించిన పలు తోటల్లో, జీతం తీసుకోని న్యాయనిర్ణేతలు, పేరు కాక సంఖ్య మాత్రమే ఉన్న మొక్కను, పోలిక రకం పక్కన పెట్టి, సున్నా నుంచి 5 దాకా మార్కులు వేస్తారు. అది ఎవరి రకమో తెలియదు. పెద్ద సంస్థ మొహమాటం, చిన్న సంస్థ మీద చులకన రెండూ ఈ ఒక్క జాగ్రత్తతో పోతాయి. అప్పటికి మార్కెట్‌లోకి రాని రకాలనే తీసుకుంటారు. 1939లో ఇక్కడ గెలిచినవాటిలో ఒక బెండ రకం ఉంది. దక్షిణ కరోలినాలోని క్లెమ్సన్ కాలేజీలో తయారైన క్లెమ్సన్ స్పైన్‌లెస్ అది. కాయ మీది ముళ్ల నూగు బాగా తగ్గించడం దాని ఘనత. తెల్లారగట్ల బెండ కోసి చేతులు గోక్కున్నవాళ్లకు ఆ పురస్కారం విలువ వేరే చెప్పనక్కర్లేదు. ఆ విత్తనం ఇప్పటికీ అమ్ముడవుతోంది.

బెండ కథకే మన దేశంలో మరో కొస ఉంది. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ తెచ్చిన పూసా సావనీ, తెల్లదోమ మోసుకొచ్చే పల్లాకు తెగులును తట్టుకునే రకంగా దేశమంతా పాకింది. కొన్నేళ్లకు ఆ తట్టుకునే శక్తి సన్నగిల్లింది. తర్వాత బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ అడవి బెండ జాతితో సంకరం చేసి అర్క అనామికను తెచ్చింది. మొక్క మారకపోయినా తెగులు మారుతుంది. కాబట్టి ఒకసారి ఇచ్చిన తీర్పు కలకాలం చెల్లదు. ఈ నిజాన్ని ఒప్పుకోవడమే విజ్లీ పద్ధతికి గౌరవం తెచ్చిపెట్టిందని చెప్పాలి. 1992లో గార్డెన్ మెరిట్ పురస్కార నిబంధనలను తిరగరాశారు. అప్పటి నుంచి మొత్తం జాబితాను మళ్లీ మళ్లీ జల్లెడ పడుతున్నారు. 2012 నాటి సమీక్షలో వెయ్యికి పైగా రకాలు ఆ పురస్కారాన్ని సూచించే కప్పు గుర్తును పోగొట్టుకున్నాయి. కొన్నింటి కన్నా మెరుగైనవి వచ్చాయి, కొన్ని తెగుళ్లకు లొంగాయి, కొన్ని మార్కెట్‌లో దొరకడమే మానేశాయి. ఇచ్చిన బిరుదును వెనక్కి తీసుకునే సంస్థలు ఏ రంగంలోనైనా అరుదే.

ఈ పరీక్షలను శాస్త్రీయ క్షేత్ర ప్రయోగాలతో కలపకూడదు. ఆర్.ఎ. ఫిషర్ 1919లో రోథమ్‌స్టెడ్ వ్యవసాయ కేంద్రంలో చేరి, ఒకే రకాన్ని పలు మళ్లలో, చీటీ తీసినట్టు ఎక్కడపడితే అక్కడ నాటి, నేల తేడాను లెక్కలోంచి తీసేసే పద్ధతిని స్థిరపరిచాడు. ఎకరాకు ఎన్ని క్వింటాళ్లన్న ప్రశ్నకు అది తప్పనిసరి. మన రాష్ట్రాల్లో కొత్త రకం పరిశోధన కేంద్రం దాటి రైతు పొలాల్లో చిరుసంచుల దశకు వచ్చేసరికి ఆ లెక్కలన్నీ పూర్తవుతాయి. పూల మడిలో మాత్రం చివరి కొలబద్ద అనుభవం ఉన్న కన్నే. అందులో పక్షపాతానికి చోటుంది, అభిరుచి మారే ప్రమాదమూ ఉంది. అయితే గుబురు అందంగా ఉందా, పువ్వు బరువుకు కాడ వంగుతోందా, వాడిన పువ్వు తనంతట రాలుతుందా, లేక మొక్కనంటుకుని అసహ్యంగా ఉంటుందా అన్న సంగతులను తూకం వేసే యంత్రం లేదు. రకాల హక్కుల చట్టం కింద జరిగే పరీక్ష వేరొకటి. మన దేశంలో 2001 నాటి చట్టం ప్రకారం అది రకం విశిష్టతను, ఏకరూపతను, స్థిరత్వాన్ని మాత్రమే చూస్తుంది. రకం కొత్తదని అది చెబుతుంది, మంచిదని చెప్పదు. ఈ తేడా తెలియక హక్కు నమోదైన ప్రతి రకమూ మేలైనదేనని నమ్మేవారు చాలామందే ఉన్నారు.

గులాబీలకు ఈ పరీక్షలు మరింత కఠినంగా మారాయి. 1907లో పారిస్‌లోని బగతేల్ తోటలో కొత్త గులాబీల అంతర్జాతీయ పోటీ మొదలైంది. జర్మనీలో ఏడీఆర్ పేరుతో నడిచే పరీక్షలో దేశంలో వేర్వేరు చోట్ల ఉన్న తోటల్లో మూడేళ్లు పెంచుతారు. 1997 నుంచి ఒక్క చుక్క పురుగుమందు కూడా కొట్టరు. నల్లమచ్చ తెగులు వచ్చినదానికి రానిచ్చి, రాలిపోయిన ఆకులను చూసి మార్కులు వేస్తారు. మందు కొట్టి కాపాడిన మొక్క గుణం, మందు గుణంతో కలిసిపోతుంది కదా.

ఇన్ని జాగ్రత్తల తర్వాత కూడా తీర్పుకు ఒక హద్దు ఉంది. పరీక్ష జరిగిన నేలకే అది వర్తిస్తుంది. విజ్లీది ఇసుక పాలు ఎక్కువ, పులుపు పాలున్న నేల. బంకమట్టి తోటలవారు అక్కడి ఫలితాలను కొంచెం తగ్గించుకునే చదువుతారు. విజ్లీ పురస్కారంతో పాటు ఇచ్చే హెచ్1 నుంచి హెచ్7 దాకా ఉండే శ్రేణి మొక్క ఎంత చలికి ఆగుతుందో చెబుతుంది. చివరి మెట్టు సున్నాకు 20 డిగ్రీల దిగువ. విజయవాడ వేసవికి ఆ శ్రేణితో పనే లేదు. ఎండను కొలబద్దగా తీసుకున్న పటాన్ని అమెరికన్ హార్టికల్చరల్ సొసైటీ 1997లో గానీ వేయలేదు. ఏడాదిలో 30 డిగ్రీలు దాటే రోజులెన్నో అది లెక్కగడుతుంది. చలి దేశాల పరీక్షల్లో నెగ్గి వచ్చిన గులాబీలు మన దగ్గర ఎందుకు నీరసిస్తాయో ఆలోచించి, దానికి తగ్గ పని చేసినవారు ఎం.ఎస్. వీరరాఘవన్. ఆంధ్రప్రదేశ్ క్యాడర్ ఐఏఎస్ అధికారిగా పనిచేసిన ఆయన, ముందుగానే ఉద్యోగం విరమించి కొడైకెనాల్‌లో స్థిరపడి, మన వేడి నేలల్లో పుట్టిన రోజా క్లైనోఫిల్లాను, ఈశాన్య కొండల రోజా జైగాంటియాను తల్లిదండ్రులుగా తీసుకుని ఉష్ణ ప్రాంతాలకు గులాబీలను సృష్టించారు.

తెలుగు నేలలో కూరగాయలకు, మిరపకు, మామిడికి పరిశోధన కేంద్రాల పరీక్షలు ఉన్నాయి. పెరటి పూల మొక్క కొనుక్కునేవారికి మాత్రం అలాంటి ఆసరా దాదాపు లేదు. కడియం నర్సరీల్లో ఆ పూట విరబూసినదే చేతికి వస్తుంది. విజ్లీ కప్పు గుర్తు ఉన్న విత్తనం ప్యాకెట్టు ఇక్కడ హామీ కాజాలదు గానీ, దాని వెనకున్న పద్ధతి మాత్రం ఎక్కడైనా పనిచేస్తుంది. ఈసారి కొత్త బంతి రకమో చామంతి రకమో తెచ్చుకునేవారు, ఇదివరకు ఇంట్లో బాగా పూసిన పాతదాన్ని కూడా అదే మట్టిలో, అదే ఎండలో దాని పక్కనే నాటండి. నాటిన తేదీ, మొదటి పువ్వు, మొదటి తెగులు, చివరి పువ్వు ఒక పుస్తకంలో రాసుకోండి. వచ్చే ఏడు విత్తనం దేన్నుంచి దాచుకోవాలో ఆ పుస్తకం చూసి నిర్ణయించండి.