నావలోని వెలుగు

ఇంట గోడమీది స్విచ్చు నొక్కగానే దీపము వెలుగుటకు అలవాటుపడిన మనకు, ఆ విద్యుత్తు ఎచట పుట్టి, ఎంత దూరము నడచి, ఎవరి శ్రమచే మన గడపకు చేరుచున్నదో తలచుకొనవలసిన అగత్యము సామాన్యముగా కలుగదు. కాని ఇంగ్లండు కాలువలమీద, 7 అడుగుల లాకులలో ఇముడునట్లు 6 అడుగుల 10 అంగుళముల వెడల్పుతో కట్టిన నారోబోటులో కాపురముండువానికి ఆ తలపు దినచర్యలో చేరిపోవును; ఏలయనగా, ఒడ్డునకు దూరమైనంతకాలము, వాడుకొను ప్రతి ఆంపియరును ఆతడే కూర్చుకొనవలెను. ఈ కాలువల మీద నేను నేర్చిన విద్యలలో దీనినే ఉత్తమమైనదిగా భావింతును.

నావలో బ్యాటరీలు రెండు తెగలు. ఒకటి ఇంజనును స్టార్టు చేయుటకే ప్రత్యేకింపబడినది; తక్కినవి దీపములకు, నీటిపంపునకు, ఫ్రిజ్జునకు. రాత్రి ఎంత ఖర్చైనను ఉదయము ఇంజను కదలక మానరాదని ఈ రెంటిని వేరుపరచిరి. విత్తనపు వడ్లను తిండిగింజలతో కలుపని రైతు వివేకమే ఇచ్చట కనబడుచున్నది.

ఇంటి వాడుకకు 110 ఆంపియర్-గంటల బ్యాటరీలు మూడున్నవనుకొందము. మొత్తము 330 అయినను, సీసపు బ్యాటరీని సగమునకు దిగువకు మాటిమాటికి దించినచో దాని ఆయుష్షు క్షీణించును గనుక, మనది అనుకొనదగినది 165 మాత్రమే. ఇంజను ఆపి, దీపములార్పి, కొన్ని గంటలు విశ్రాంతి నిచ్చిన పిమ్మట వోల్టుమీటరు 12.7 చూపినచో బ్యాటరీ నిండుగా నున్నదనియు, 12.2 చూపినచో సగమైనదనియు అర్థము. ఆ అర వోల్టు ఎడములోనే సంసారమంతయు నడువవలెను. 2,000 వాట్ల కెటిలును ఇన్వర్టరుకు తగిలించినచో, మార్పిడిలో పోవు నష్టముతో కలిపి అది 180 ఆంపియర్లు లాగును. మూడు నిమిషములకే తొమ్మిది ఆంపియర్-గంటలు హరించుకొనిపోవును. ఆపాటి విద్యుత్తుతో 3 వాట్ల ఎల్‌ఈడీ దీపమొకటి ఒకటిన్నర దినము వెలుగగలదు. కనుకనే మా నావలో టీనీళ్ళు గ్యాసు పొయ్యిమీద కాగును.

తీసికొన్నదానిని తిరిగి నింపుట ఇంతకన్న ఓర్పును కోరు పని. ఇంజనుతో తిరుగు ఆల్టర్నేటరు బ్యాటరీని పదింట ఎనిమిది పాళ్ళు వేగముగా నింపును గాని, తక్కిన రెండు పాళ్ళకు గంటలు పట్టును; అంతవరకు ఆగలేక ప్రతిదినము నడుమనే ఇంజను ఆపినచో సీసపు పలకలమీద సల్ఫేటు గట్టిపడి, నిలువ చేసికొను శక్తియే నశించును. వేసవిలో పైకప్పుమీది సౌరఫలకములు ఈ భారమును చాలవరకు మోయును. శీతకాలమున సూర్యుడు దిగువనే సంచరించుటచే ఇంజనే గతి. అయినను ఇతరుల చెవికి వినబడునంత దాపున నావ కట్టివేసినపుడు రాత్రి 8 గంటలు మొదలు ఉదయము 8 గంటల వరకు ఇంజను నడుపరాదని ఈ కాలువల నిర్వహణ చూచు కెనాల్ అండ్ రివర్ ట్రస్టువారి నియమము. కావున రేయికి వలయునది పగలే సమకూర్చుకొనవలెను.

ఒడ్డున 230 వోల్టుల కరెంటు దొరకుచోటను జాగ్రత్త తప్పదు. తీగను ముందు నావకు తగిలించి, పిమ్మటనే ఒడ్డుమీది స్తంభమునకు తగిలింపవలెను. విప్పునపుడు ఒడ్డు కొసనే మొదట విప్పవలెను. ఈ వరుస తారుమారైనచో కరెంటు పారుచున్న కొస చేయి జారి నీళ్ళలో పడగలదు. అంతేకాక, ఎర్తు తీగవలన ప్రక్క నావల లోహములకు మన నావ అడుగుభాగపు ఉక్కుతో సంబంధమేర్పడి, నీటిలో అది క్రమముగా తినివేయబడును; దానిని వారించుటకే గాల్వానిక్ ఐసొలేటరును అమర్చుదురు. పొరుగువారితో పంచుకొనిన సౌకర్యమునకు పొరుగువారినుండి వచ్చు హానియు తోడుగా నుండునని ఎరిగినవాడే ఈ చిన్న పరికరము విలువ నెరుగును.

ఇన్ని జాగ్రత్తలును నావ నడుపువాని కొక్కనికే తెలిసియున్న చాలదు. నిలువ అందరిది, ఖర్చును అందరిది. అందుచేత మా నావకు వచ్చిన అతిథికి పడక చూపుటకు ముందే వోల్టుమీటరును చూపి, ఆ అంకెల అర్థమును విప్పి చెప్పుదును. తాను వాడుకొనునది ఎంతటి ప్రయాసతో కూడినదో ఒకమారు కన్నులార చూచిన పసివాడు సైతము, అక్కరలేని దీపము నార్పుటకు మరియొకరిచే చెప్పించుకొనడు.