కాద్రా ఎవరివాడు?

యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’, ‘తులసి’ నవలలను ఆదోని, ఎమ్మిగనూరుల్లో మేమూ రాత్రుళ్లు దీపం ఆర్పకుండా చదివాం. భయపెట్టడంలో ఆయన నేర్పును కాదనం. కానీ చేతబడికి మనిషి కావలసివస్తే ‘తులసిదళం’ అడవిజాతి కాద్రానే తెచ్చుకుంది. ఆ చూపు పుస్తకంతో ఆగదు. ఏజెన్సీలో చిల్లంగి అనుమానంతో మనవాళ్లే మనవాళ్లను చంపుకున్నారు.

ఇప్పటి ఇంగ్లీషు మాయాకథల్లో మంత్రగత్తెలే నాయికలు; స్త్రీని ప్రేమించే స్త్రీలకూ అక్కడ చోటుంది. మంచిదే. మరి ఎదుటివాళ్ల దుఃఖం విని సోది చెప్పే మన ఎరుకలమ్మ? ఆమెను నాయికగా రాయాల్సింది మనమే.

ఉపాధ్యాయులారా, ఈ నవలలు మాన్పించకండి. చదివించి, “ఇందులో చెడ్డవాడు మనవాడే ఎందుకయ్యాడు?” అని పిల్లల్ని అడగండి.