బడి పిల్లల గొంతులకు కట్టే బాణీ

కావలి, మైపాడు, ముత్తుకూరు వంటి నెల్లూరు తీరపు ఊళ్ళ బడుల్లో వార్షికోత్సవం నాడు నలభై మంది పిల్లలు కలిసి పాడుతున్నప్పుడు, ఆ బాణీ కట్టిన సంగీతోపాధ్యాయుని నేర్పు వినేవారి దృష్టికి రానే రాదు. చిన్న గొంతులు హాయిగా పలికేది ఇంచుమించు ఒక స్థాయి, అంటే మధ్య షడ్జం నుంచి తార షడ్జం దాకా ఉన్న మేర మాత్రమే కనుక బాణీ ఆ హద్దులోనే తిరుగుతుంది. స్వరాన్ని ఊగించే గమకం ఇంతమంది గొంతుల్లో ఒక్కలా ఊగదు కనుక స్వరాలు నిలకడగా సాగుతాయి. పల్లవి తాళపు మొదటి దెబ్బ అయిన సమం మీదే ఎత్తుకుంటుంది, ప్రతి పాదం చివరా ఊపిరికి చోటుంటుంది. ఐదు స్వరాల మోహన రాగం ఇందుకు ఎంతో అనువైనది. అందులో పక్కపక్క స్వరస్థానాలు రెండు ఎక్కడా కలిసి రావు కనుక, ఒక జట్టు షడ్జ పంచమాలను పట్టి నిలిపి, మరొక జట్టు పాట నడిపినా కర్కశత్వం పుట్టదు. చిత్తూరులో 1925లో జన్మించిన ఎం.బి. శ్రీనివాసన్ మద్రాస్ యూత్ కోయర్ కోసం కూర్చిన బృందగానాల్లో, వేర్వేరు వరుసలను ఏకకాలంలో పలికించే ఈ విద్య ఎంతో ఎత్తుకు చేరింది. సముద్రపు చెమ్మకు డోలక్ తోలు వదులై శ్రుతి దిగిపోయే చోట, హార్మోనియం మెట్టు నొక్కి పట్టి, వెనుక వరుసలోని బెరుకు పిల్లలకు నాలుగు స్వరాల తేలిక వరుసను విడిగా కూర్చి, అది లేకపోతే పాట బోసిపోయేలా అమర్చే ఉపాధ్యాయుని పనితనం కూడా అంతే గౌరవించదగినది.