తల దొరకని కోటసారస్‌కి ముఖం గీసేదెవరు?

"తాతా, మన గనిలో దీని ఎముకలు ఉండాయా?"

నాలుగేళ్ల మా మనవడు బొమ్మల పుస్తకం మీద వేలు పెట్టి అడిగాడు. కోలార్ బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో పుట్టిన బిడ్డ అడగాల్సిన ప్రశ్నే. వాడి ముత్తాత పనిచేసిన ఛాంపియన్ రీఫ్ గని లోతు మూడు కిలోమీటర్ల పైమాటే. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి గానీ బంగారం తీశాక మిగిలిన సయనైడ్ దిబ్బలు ఇప్పటికీ మా కళ్లెదుటే ఉన్నాయి. నేల తవ్వితే ఏదో ఒకటి బయటపడుతుందన్న నమ్మకం మా పిల్లోళ్లకు ఉగ్గుపాలతోనే వస్తుంది. లేవు నాయనా అన్నాను. మన బంగారపు రాయికి దాదాపు 270 కోట్ల ఏళ్లు. రాక్షసబల్లులు పుట్టింది సుమారు 23 కోట్ల ఏళ్ల కిందట. మన రాయి ఏర్పడేనాటికి లోకంలో ఎముకన్నదే లేదు. వాడికి కోట్ల లెక్క తెలియలేదు. బొమ్మ తెలిసింది, పేజీ తిప్పాడు.

ఆ పుస్తకం బైరన్ బార్టన్ 1990లో చేసిన 'బోన్స్, బోన్స్, డైనోసార్ బోన్స్'. మందపాటి నల్ల గీత, దాని లోపల చదునైన ముదురు రంగు, పేజీకి నాలుగు మాటలు. అందులో ఉన్నదంతా ఇంతే. మనుషులు ఎముకలు వెతుకుతారు, తవ్వుతారు, చుట్టి లారీకెక్కిస్తారు, మ్యూజియంలో ఒక్కొక్కటే పేర్చి నిలబెడతారు. ఒక్క గీత ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు. ఎంతమంది బొమ్మలవాళ్లకు చేతనవుతుంది ఆ నిగ్రహం! గని ఊరి పిల్లవాడు ఆ తవ్వకాన్ని చూసి "మా ముత్తాత పనే" అనుకుంటాడు. మా వాడు అనుకున్నాడు.

ఒళ్లో పట్టే పుస్తకంలో బస్సంత జంతువును ఇమడ్చడం ఎలా? తెలిసినవాళ్లు ఇమడ్చాలని చూడరు. ఈ పేజీలో మెడ, తిప్పితే పొట్ట, ఇంకా తిప్పితే తోక. లేదంటే పక్కన మనిషిని నిలబెడతారు. అందులో మార్క్ టీగ్ మొనగాడు. జేన్ యోలెన్ రాసిన మాటలకు ఆయన 2000లో బొమ్మలు వేసిన 'హౌ డు డైనోసార్స్ సే గుడ్ నైట్?' చూడండి. అమ్మానాన్నలు మామూలు మనుషులు. పడుకోనని మారాం చేసే బిడ్డ మాత్రం గదంతా నిండిపోయిన రాక్షసబల్లి. ఒక్కో జంతువు పేరును ఆ గదిలోనే ఎక్కడో దాచాడు టీగ్. చదవడం రాని పిల్లలు కూడా అక్షరాల కోసం బొమ్మంతా గాలిస్తారు.

అయితే ఇదంతా పై మెరుగే. అసలు విద్య ఎముకల దగ్గర మొదలవుతుంది. ముందు అస్థిపంజరం, దాని మీద కండ, చివర్న చర్మం. ఈ వరస తప్పితే బొమ్మ గాలి బుడగ అవుతుంది. అమెరికా చిత్రకారుడు చార్లెస్ నైట్ (1874-1953) సంగతి వినండి. చిన్నప్పుడు తోటి పిల్లవాడు విసిరిన రాయి ఆయన కుడికంటికి తగిలింది. చట్టం లెక్కన ఆయన చూపులేనివాడు. ప్రత్యేకమైన కళ్లద్దాలు పెట్టుకుని, కాన్వాసుకు ముఖం ఆనించినంత దగ్గరగా కూర్చుని వేసేవాడు. ముందు జంతువును మట్టితో చిన్నదిగా చేసి, ఎండలో పెట్టి, నీడ ఎక్కడ పడుతుందో చూసి అప్పుడు కుంచె పట్టేవాడు. ఆ కళ్లతోనే షికాగో ఫీల్డ్ మ్యూజియం గోడలకు 28 చిత్రాలు వేశాడు! 1897లో ఆయన గీసిన రెండు రాక్షసబల్లులు గాల్లోకి ఎగిరి కలబడుతుంటాయి. ఆ చురుకును పండితులు గట్టిగా పట్టించుకున్నది 1969లో జాన్ ఆస్ట్రమ్ డైనోనికస్ అనే రాక్షసబల్లి గురించి రాసిన తర్వాతే. కుంచె డెబ్బై ఏళ్లు ముందు నడిచింది.

అయినా నేను జ్డెనెక్ బురియన్ (1905-1981) పక్షమే. నైట్ అభిమానులు కోప్పడితే కోప్పడనీ. ఈ చెక్ చిత్రకారుడు శాస్త్రవేత్త యోసెఫ్ ఆగుస్తాతో కలిసి చేసిన పుస్తకాలు తెరిస్తే ఆ కాలపు చెమ్మ ఒంటికి తగులుతుంది. బ్రాకియోసారస్‌ను ఆయన తల మాత్రమే పైకి తేలేలా లోతు నీళ్లలో ముంచి గీశాడు. అంత లోతులో నీటి ఒత్తిడికి దానికి ఊపిరాడదని శాస్త్రజ్ఞులు తేల్చారు. అప్పటి చదువంతా చదివి చేసిన పొరపాటు అది, నేను దాన్ని క్షమిస్తాను. జంతువు బరువు మాత్రం ఆయన చేతిలో ఎన్నడూ తప్పలేదు. మన చందమామ శంకర్ బొమ్మలో విక్రమార్కుడి భుజం మీది శవం బరువు రాజు నడకలో తెలుస్తుందే, అలాంటి బరువు.

ఇక మన బస్టాండుల్లో, తిరునాళ్లలో అమ్మే రాక్షసబల్లుల బొమ్మల పుస్తకాలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఒక దుకాణంలో అట్ట తళతళ చూసి మోసపోయి నేనూ ఒకటి కొన్నాను. టి. రెక్స్ చేతికి ఉండేవి రెండు వేళ్లు. అందులో ఒక పేజీలో మూడు, ఇంకో పేజీలో నాలుగు. తోక నేల మీద ఈడ్చుకుంటూ కంగారూలా నిలబడింది. దాని పక్కనే స్టెగోసారస్ మేస్తోంది. ఆ రెండిటి మధ్య ఎడం దాదాపు 8 కోట్ల ఏళ్లు, టి. రెక్స్‌కూ మనకూ మధ్య ఉన్నది 6.6 కోట్లే! టెరనోడాన్‌ను డైనోసార్ అని రాశారు, అది డైనోసారే కాదు. అన్నిటికీ ఒకటే ఆకుపచ్చ. సైనోసారోప్టెరిక్స్ తోక మీద ఇటుక రంగు, తెలుపు చారలుండేవని 2010లోనే తేలింది గదా, ఆ చారలు వేస్తే రంగు డబ్బాలు అయిపోతాయా? ఇప్పుడు కంప్యూటర్ చేత క్షణంలో పుట్టిస్తున్న బొమ్మలు ఇంకా ఘోరం, కాళ్లు లెక్కపెడితే అయిదు వస్తున్నాయి. పిల్లలకేం తెలుస్తుందిలే అని వీళ్ల ధీమా. మా మనవడు వేళ్లు లెక్కపెట్టి "తాతా, తప్పు" అన్నాడు. ఆ పుస్తకం మళ్లీ ముట్టలేదు.

నా కడుపుమంట ఇంకొకటుంది. ప్రాణహిత-గోదావరి లోయలో, తెలంగాణలోని యామన్‌పల్లి దగ్గర దొరికిన రాక్షసబల్లి మనది. జియలాజికల్ సర్వేకు చెందిన పి. యాదగిరి 1988లో దానికి కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. తెలుగు పల్లె పేరు ప్రపంచ శాస్త్ర గ్రంథాల్లో ఉంది! కనీసం 12 జంతువుల ఎముకలు దొరికాయి. తొమ్మిది మీటర్ల పొడవు. హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. కానీ పళ్లు తప్ప పుర్రె దొరకలేదు. అదే లోయలో దొరికి, రవీంద్రుడి పేరు పెట్టుకున్న బరపాసారస్‌దీ అదే గతి. అంటే కోటసారస్ ముఖం గీయాలంటే దగ్గరి చుట్టాల పుర్రెలు చూడాలి, పళ్ల ఆకారాన్ని బట్టి దవడను ఊహించాలి, కన్ను ఎక్కడుండాలో ఆలోచించాలి. నైట్‌కీ బురియన్‌కీ తగిన పని అది. మన తెలుగు చిత్రకారులకు మాత్రం తగదా?

ఇలాంటి పుస్తకానికి దారి లేకపోలేదు. వైశాలి ష్రాఫ్ మన దేశపు రాక్షసబల్లుల మీద 2018లో పద్మ అనే అమ్మాయి కథ ఇంగ్లీషులో రాశారు. మా రైలు పోయే బెంగళూరులోనే ప్రథమ్ బుక్స్ ఉంది, 2015 నుంచి వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల పుస్తకాలు ఉచితంగా దొరుకుతున్నాయి. రష్యన్ పిల్లల పుస్తకాలను తెలుగులో మళ్లీ అచ్చేసిన 'మంచి పుస్తకం' ప్రచురణ సంస్థ వాళ్లు సికింద్రాబాద్‌లో ఉన్నారు. ముల్బాగల్, శ్రీనివాసపుర, బంగారుపేట ఇళ్లలో తెలుగు మాట్లాడుతూ బళ్లో కన్నడం చదివే మా పిల్లోళ్లు తెలుగు అక్షరానికి దగ్గరయ్యేది ఇలాంటి బొమ్మల దారిలోనే.

అయ్యా, అమ్మా, కుంచె పట్టినవాళ్లలో ఒక్కరు ముందుకు రండి. ముందు హైదరాబాదు వెళ్లి ఆ ఎముకల కింద ఒక రోజంతా కూర్చోండి, ఆ తర్వాత బెంగళూరులో మారికుప్పం రైలెక్కి మా ఇంటికి రండి. రంగులు, కాగితం, మట్టి నేను సిద్ధంగా పెడతాను. మా వాడు ఇప్పటికే కోటసారస్‌కి పదకొండు తలలు గీసి గోడకు అంటించాడు, ఏది సరైనదో మీరు చెప్పాలట.